కేరాఫ్ గ్రంథాలయం

అది 2007. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే శాఖా గ్రంథాలయానికి కంప్యూటర్ వచ్చిన సంవత్సరం. నాకప్పటికి యాభై నాలుగేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకటే దినచర్య. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, శుక్రవారం సెలవు. పత్రికలు సర్దడం, పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నంబరు వేసి యాక్సెషన్ రిజిస్టర్‌లో రాయడం. అంటే లైబ్రరీలో ఏ పుస్తకం ఎప్పుడు చేరిందో చెప్పే పుస్తకమన్నమాట. మిగిలిన నాలుగేళ్లూ ఇలాగే గడిచిపోతే చాలనుకుంటుండగా ఆ పెట్టె దిగింది.

ఏలూరులో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. మౌస్ పట్టుకుంటే నా చెయ్యి ఒకవైపు, తెర మీద బాణం ఇంకోవైపు పోయేది. నేర్పించే ఆయన మంచివాడే. "ఏం పరవాలేదండీ, నొక్కండి, పాడవ్వదు" అంటూ ఉండేవాడు. అది పాడవుతుందని కాదు, నలుగురిలో నా పరువు పోతుందని నా భయం. మొత్తానికి ఇంటర్నెట్ తెరవడం, లైబ్రరీ పేరు మీద ఒక మెయిల్ అడ్రస్ పెట్టుకోవడం, వచ్చిన ఉత్తరాలు పడే ఇన్‌బాక్స్ చూడడం, ప్రింట్ తీయడం నేర్చుకున్నాను. ఒక్కొక్క మెట్టూ నోటు పుస్తకంలో రాసుకున్నాను. తిరుగు రైల్లో కిటికీకి తల ఆనించి తాడేపల్లిగూడెం దాకా నిద్రపోయాను.

మర్నాడు మా అటెండర్ రత్నం కంప్యూటర్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఏవండీ, ఇంక పుస్తకాలన్నీ ఇందులోనే ఉంటాయంటగా. మరి నేను దులపాల్సింది దీన్నొక్కదాన్నేనాండీ?" అన్నాడు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

ఇక్కడ మా లైబ్రరీ అలవాటొకటి చెప్పాలి. తలుపు పక్కన గోడకి గళ్లున్న చెక్క అర ఒకటి ఉండేది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి చదువుకునేవాళ్లు ఉద్యోగాల దరఖాస్తుల్లో తమ ఊరి అడ్రసు బదులు మా లైబ్రరీ అడ్రసు రాసేవారు. ఊళ్లోకి ఉత్తరం ఎప్పుడు చేరుతుందో నమ్మకం లేక, కేరాఫ్ గ్రంథాలయం అని పెట్టేవారు. వచ్చిన ఉత్తరాన్ని నేను తపాలా రిజిస్టర్‌లో రాసి, లైబ్రరీ స్టాంపు వేసి, అరలో పెట్టేవాణ్ని. ఎవరిది వారు వచ్చి తీసుకోవాలి. ఇంకొకరి ఉత్తరం చదవకూడదు. ఇన్నేళ్లలో ఒక్క ఉత్తరం కూడా పోలేదని నాకు కొంచెం గర్వం.

ఆ సెప్టెంబరులో సువార్త వచ్చింది. నిడమర్రు దాటాక కొల్లేరు ఒడ్డున వాళ్ల ఊరు. నాన్న చేపలు పడతాడు. కెమిస్ట్రీతో బీఎస్సీ పాసై మూడేళ్లయింది. మా దగ్గర పోటీ పరీక్షల పుస్తకాలు తీసుకెళుతూ ఉండేది. చేతిలో పత్రిక కత్తిరింపు ఒకటి పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడింది.

"మేష్టారండీ, తణుకులో ఫ్యాక్టరీ అండీ. ల్యాబ్ అసిస్టెంట్ పోస్టంటండీ. కాయితం మీద పంపితే తీసుకోరంట, నెట్‌లోనే పెట్టాలంట. మీకు వచ్చా అండీ?"

"ఎందుకు రాదమ్మా, ఏలూరులో నేర్చుకునొచ్చాను" అన్నాను. నోటు పుస్తకం సొరుగులోంచి తీయడం ఆ పిల్ల చూడకూడదని అటు తిరిగాను.

గంటన్నర పట్టింది. ఒక్కో అక్షరం ఒక్క వేలితో కొట్టాను. ఈమెయిల్ అన్న గడి దగ్గర ఆగాం. తనకు లేదంది. "లైబ్రరీది ఇద్దాంలే, ఉత్తరం వస్తే తీసి ఉంచుతాను" అన్నాను. కేరాఫ్ గ్రంథాలయమే కదా, కొత్తేముంది అనుకున్నాను. ఫోను గడిలో వాళ్ల ఊరి పాస్టరు గారి ఇంటి నంబరు చెప్పింది. అదీ నోటు పుస్తకంలో రాసుకుని, నా వేలితోనే కొట్టాను.

వెళ్లేముందు అడిగాను, మళ్లీ ఎప్పుడొస్తావని.

"పదిహేను రోజులకోసారి వస్తానండీ. మా అమ్మ అంటందండీ, ఇన్ని అప్లికేషన్లు పెట్టావు, ఒక్కళ్లన్నా పిలిచారా, చదివిందంతా ఏ గంగలో కలిసింది అని. క్రిస్మస్ లోపు ఏదీ రాకపోతే చేపల ప్యాకింగ్‌కి పొమ్మంటన్నారండీ. ఇదొక్కటీ వస్తే బాగుండునండీ."

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం పొద్దున ఇన్‌బాక్స్‌లో ఆమె పేరుతో ఉత్తరం కనిపించింది. నా జన్మలో నేను తెరిచిన మొదటి అసలైన మెయిల్ అది. పేరు చూశాను, ప్రింట్ తీశాను. కాగితం వెచ్చగా బయటికి వస్తుంటే రత్నాన్ని పిలిచి మరీ చూపించాను. తపాలా రిజిస్టర్‌లో కొత్త పేజీ తీసి, పైన 'మెయిల్‌లో వచ్చినవి' అని రాసి, మొదటి వరసలో సువార్త పేరు ఎక్కించాను. స్టాంపు వేశాను. చదవకుండా మడిచి అరలో పెట్టాను. అన్నీ పద్ధతిగా చేశానని ఆ పూట కడుపు నిండినంత తృప్తి.

ఆ వారమంతా వాన. కొల్లేరు పొంగి నిడమర్రు వైపు రోడ్డు మీదికి నీళ్లొచ్చాయని, బస్సులు ఆపేశారని జిల్లా పేజీలో చదివాను. చదివి, పత్రిక మడిచి బల్ల మీద పెట్టాను.

మరుసటి బుధవారం సువార్త వచ్చింది. చీర అంచు నుంచి మోకాళ్ల దాకా బురద.

"ఏవన్నా వచ్చిందాండీ?"

"వచ్చిందమ్మా! వచ్చి వారమైంది" అన్నాను నవ్వుతూ. నా చేత్తోనే అరలోంచి తీసి ఇచ్చాను.

నిలబడే చదువుకుంది. మొహం వెలిగింది. తర్వాత కాగితం నా వైపు తిప్పింది.

"మేష్టారండీ, ఇంటర్వ్యూ సోమవారం అని ఉందండీ. ఈ సోమవారం అంటే... మొన్నటిదేనాండీ?"

మొన్నటిదే. గుమ్మంలోంచి చూస్తే ఎదురు కొట్లో ఎర్ర రంగు రూపాయి ఫోను కనిపిస్తోంది. రోజూ అందులోంచే ఇంటికి ఫోన్ చేస్తాను, కూరగాయలు ఏం తేవాలో అడగడానికి. ఆ పిల్ల ఇచ్చిన నంబరు నా వేలితో నేనే కొట్టాను. వారం రోజుల్లో ఒక్కసారి కూడా నాకది గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాదమ్మా" అన్నాను.

"అయ్యో, మీరేం చేస్తారండీ, రోడ్డు మీద నీళ్లు కదండీ" అంది. తిట్టినా బాగుండేది.

పదకొండు దాటినా తలుపులు మూయలేదు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫ్యాక్టరీకి మెయిల్ రాశాను. ఆలస్యం అభ్యర్థిది కాదని, లైబ్రేరియన్‌గా నాదేనని, ఇంకో తేదీ ఇప్పించమని. సగంలో కరెంటు పోయింది, రాసిందంతా పోయింది. వచ్చాక మళ్లీ మొదటి నుంచి కొట్టాను. పంపేసరికి ఒంటిగంట.

లేచి వెళుతూ అడిగింది.

"ఈ కాయితం నేను తీసుకెళ్లొచ్చాండీ?"

"నీదే కదమ్మా."

"మా అమ్మకి చూపిస్తానండీ. పిలిచారని."

కాగితాన్ని తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాను.

శనివారం జవాబొచ్చింది. పోస్టులు నిండిపోయాయట, మర్యాదగానే రాశారు. వెంటనే రోడ్డు దాటి పాస్టరు గారింటికి ఫోన్ చేశాను. సువార్తను పిలుచుకొచ్చారు. విషయం చెబితే, "అలాగేనండీ. ఫోన్ చేశారు, థాంక్సండీ" అంది. ఆ థాంక్సు నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

జనవరిలో ఒకసారి వచ్చి పుస్తకమూ, కార్డూ ఇచ్చేసింది. ప్యాకింగ్ పనిలో సెలవులుండవట. ఐసులో నాని వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కార్డు ఉంచుకోమన్నాను. వద్దంది.

ఆ తర్వాత దరఖాస్తు పెట్టడానికి ఎవరొచ్చినా ముందు వాళ్ల పేరుతోనే మెయిల్ పెట్టించాను. విసుగు పుట్టినా, నడుం నొప్పి పుట్టినా, దాన్ని ఎలా తెరవాలో వాళ్ల చేతే చేయించాను. అయినా కేరాఫ్ లైబ్రరీ అనేవాళ్లు ఉండేవారు. వాళ్ల కోసం రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో ఇంకో గడి గీశాను, 'మనిషికి తెలియజేసిన తేదీ' అని. ఆ గడి నిండేదాకా ఇంటికి వెళ్లలేదు. మిషను వాడడం ఏలూరులో రెండు రోజుల్లో వచ్చింది. ఉత్తరం అందడం అంటే ఏమిటో మాత్రం సువార్త దగ్గరే నేర్చుకున్నాను.

రిటైరయ్యే రోజు ఛార్జి అప్పగిస్తుంటే, నా తర్వాత వచ్చిన లైబ్రేరియన్ అమ్మాయి తపాలా రిజిస్టర్ తిరగేస్తూ 'మెయిల్‌లో వచ్చినవి' పేజీ దగ్గర ఆగింది.

"ఈ ఎర్ర గడిలో అన్నిటికీ తేదీలు ఉన్నాయి కదండీ. మొదటిదొక్కటే ఖాళీగా ఉందేంటండీ? మర్చిపోయారా?"

"లేదమ్మా" అన్నాను. "అది అలాగే ఉండనీ."