తలనొప్పి లేదన్నాడు మా అబ్బాయి

మా అబ్బాయి పోయి ఇంకా నెల తిరగలేదు. ఇక్కడ ఇంగ్లండులో, షెఫీల్డ్‌లో రగ్బీ ఆడుతూ గడ్డిలో పడ్డాడు, మళ్ళీ లేవలేదు. నేను పెద్దగా చదువుకోలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. నా కోపాన్ని మాత్రం సర్దుకోమని అడగను.

ఆట అయ్యాక బురద బట్టలతో వంటింటి గడప దగ్గరే నిలబడి పెరుగన్నం తినేవాడు. తింటూ వందేళ్ల కిందటి స్కాట్లాండ్ ఆటగాడి సంగతి చెప్పేవాడు. ఆయన మీద పుస్తకం కూడా కొనుక్కున్నాడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి దేశం జట్టులోకి ఎక్కాడట. ఒక మ్యాచ్‌లో తల పగిలితే గుడ్డ కట్టుకుని మళ్ళీ దిగాడట, గెలిపించాడట.

"ఆయనకి బుద్ధి లేదేంట్రా?" అన్నాను.

"అప్పట్లో ఒకడు పడిపోతే ఇంకొకణ్ణి దించేవాళ్ళు కాదమ్మా."

"మీకు బెంచీ నిండా ఉన్నారుగా!"

"అమ్మా, ప్లీజ్. ఐయామ్ ఫైన్."

ఫైన్ కాదు. వాడు పోవడానికి ముందు వారమే తలకు దెబ్బ తగిలింది. వెలుతురు పడట్లేదని కర్టెన్లు వేసుకున్నాడు. జీపీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాల్సింది నేను. ఏం చేశాను? ఉప్పూ ఎండుమిర్చీ తిప్పి దిష్టి తీశాను. మిరపకాయలు పెనం మీద వేస్తే స్మోక్ అలారం మోగింది గానీ ఘాటు రాలేదు. "చూశావా, ఎంత దిష్టి తగిలిందో!" అని గొప్పగా చెప్పాను. వాడు నవ్వాడు. ఇప్పుడు నా మీద నాకే మండుతోంది.

ఆ శనివారం ఆటకు ముందు కోచ్ "తలనొప్పి ఉందా?" అని అడిగాడు. "లేదు" అన్నాడు మావాడు. ఉందని నాకు తెలుసు. పక్కనే ఉండీ నోరు విప్పలేదు. పదిమందిలో కొడుకు పరువు తీయడమెందుకని. ఆ ఆటలోనే పడిపోయాడు.

మొన్న మా అమ్మాయి ఆ పుస్తకం చివరి పేజీ చదివి వినిపించింది. ఆ మ్యాచ్ తర్వాత ఆయన మళ్ళీ ఆడలేదట. బతికినన్నాళ్ళూ చీకటి గదిలోనే కూర్చున్నాడట. కన్నపిల్లల పేర్లు కూడా గుర్తులేవట. ఈ ముక్క మావాడు నాకెప్పుడూ చెప్పలేదు. చదివీ దాచాడు. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. కొట్టి, మళ్ళీ నేనే అన్నం పెట్టేదాన్ని.

పోయిన శనివారం వాడు ఆడిన క్లబ్ వాళ్ళు మైదానానికి పిలిచారు. వాడు ధైర్యవంతుడని చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆటకు వరసగా నిలబడ్డవాళ్ళ ముందుకు వెళ్ళి, నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక్కొక్కణ్ణీ అడిగాను.

"హెడ్ పెయిన్?"

"నో, ఆంటీ."

"నో, ఆంటీ."

గడ్డమున్న ఒక ఆటగాడు మాత్రం నో అనలేదు. నా మొహం చూడలేదు. పళ్ళకు పెట్టుకున్న మౌత్‌గార్డ్ తీసి గుప్పిట్లో పట్టుకుని, మైదానం తెల్లగీత దాటి బయటికి నడిచాడు.