బాపు లిథియం రోజులు

మా బాపు జడ్చర్లలో దర్జీ. తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, ఆయన మనసు అదుపు తప్పింది. నిద్ర మానేసి, దుకాణంలోని గుడ్డంతా కత్తిరించి, వాడలో పిల్లలందరికీ చొక్కాలు కుట్టి పంచాడు. అందరూ నవ్వారు, అమ్మ నవ్వలేదు. ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగలేదు. మహబూబ్‌నగర్‌లో మానసిక వైద్యురాలు లిథియం గోలీలు రాశాక మెల్లగా మనిషి మనిషయ్యాడు. మళ్ళీ కుట్టుమిషన్ చప్పుడు విన్న రోజు అమ్మ పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చింది.

అయితే ఆ గోలీకి కాపలా కావాలి. రక్తంలో ఎక్కువైతే ప్రమాదం. ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. అందుకే కొన్ని నెలలకోసారి, రాత్రి గోలీ వేసుకున్న మర్నాడు పొద్దున్నే, రక్తపరీక్షకు బాపును వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ బస్సెక్కేదాన్ని. ఆ మందుతో ఆయనకు దాహం ఎక్కువ. నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుని, బస్సెక్కే వాళ్ళ బట్టలు చూసేవాడు.

"గా చొక్కా చూడు బిడ్డా, కాలర్ ఎట్ల వంకరపోయిందో!" అని నా చెవిలో అనేవాడు. నవ్వాపుకోలేకపోయేదాన్ని.

రక్తం ఇచ్చాక బస్టాండు ముందు ఇడ్లీ, చాయ్. ఇంట్లో పెద్దగా నోరువిప్పని మనిషి అక్కడ తన చిన్నతనం గురించీ, పని నేర్పిన ఉస్తాద్ గురించీ ఎంతసేపైనా చెప్పేవాడు. నా బాపు నాకు తెలిసింది ఆ పొద్దుల్లోనే.

ఒక ఎండాకాలం మోకాళ్ళు నొస్తున్నాయని, మాకెవరికీ చెప్పకుండా నొప్పి గోలీలు తెచ్చుకున్నాడు. వారం తిరగకముందే వాంతులు పట్టుకున్నాయి. సూదిలో దారం ఎక్కించలేనంతగా చేతులు వణికాయి, మాట తడబడింది. దవాఖానకు తీసుకుపోయాం.

"వేరే గోలీలేమన్న వేసుకున్నరా?" వైద్యురాలు ముందు అదే అడిగింది.

"మోకాళ్లకు ఏసుకున్న మేడం."

"గా గోలీలతోని లిథియం బయటికి పోక రక్తంల నిలిచింది. దానికి తోడు ఎండలకు ఒంట్ల నీళ్లు తగ్గినయ్. కిడ్నీల మీద భారం పడ్డది. ఇగ నన్నడగకుండ ఏ మందు వేసుకోవద్దు."

లిథియం ఆపి సెలైన్ ఎక్కించారు. బాపు కోలుకున్నాడు గానీ కిడ్నీలు మునుపటిలా కాలేదు. కిడ్నీ డాక్టరూ, వైద్యురాలూ మాట్లాడుకుని తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టారు. బాపు భయం వేరు.

"కిడ్నీలు పోతె పోనీ బిడ్డా. మంచంల పడ్డ గా దినాలు మాత్రం మళ్ల రావొద్దు."

"రెండూ కాపాడుకుందం బాపూ" అన్నాను. నాకే ధైర్యం లేదు.

అట్లా కొన్నేళ్ళు నడిచింది. తర్వాత రిపోర్టులు మెల్లగా దిగజారుతుంటే, వైద్యురాలు లిథియం కొద్దికొద్దిగా తగ్గిస్తూ వేరే మందుకు మార్చింది. ఆ నెలలన్నీ అమ్మ ఆయన నిద్రకు కాపలా కాసింది. అదృష్టం, మనసు చెదరలేదు. కిడ్నీలూ అంతకన్నా చెడలేదు.

ఇప్పుడు కిడ్నీ పరీక్షకు ల్యాబువాళ్ళే ఇంటికొచ్చి రక్తం తీసుకుపోతున్నారు. అట్లా మొదటిసారి వస్తామన్న రోజు, తెల్లారకముందే బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"వాళ్లే ఇంటికొస్తరు గదా, గా తయారెందుకు?" అంది అమ్మ.

"అలవాటైంది" అన్నాడు.

నేను ఆ రోజు ఆఫీసుకు పోకుండా ఆయన పక్కనే కూర్చున్నాను.