తాండూరు క్లబ్బులో మా చర్చి కథ

తాండూరులో ఒక సేవా క్లబ్బు ఉండేది. డాక్టర్లు, వకీళ్లు, కంది మిల్లుల వాళ్లు, బండల గనుల వాళ్లు వారం వారం కలిసేవారు. ప్రతి మీటింగుకూ బయటివాళ్లను ఒకరిని పిలిచి ఏదో ఒక విషయం చెప్పించుకునేవారు. అరవైల మొదట్లో ఒకసారి నన్ను పిలిచారు. అప్పుడు నేను వికారాబాదులో మిషన్ బడి టీచర్ని. ఈ చుట్టుపక్కల చర్చిల చరిత్ర చెప్పమన్నారు. మా నాయిన బషీరాబాద్ దగ్గరి పల్లెలో చాలా ఏళ్లు పాస్టరుగా పనిచేశాడు కాబట్టి నాకు తెలుస్తుందనుకున్నారు.

పిల్లలకు పాఠం చెప్పడం తప్ప పెద్దవాళ్ల ముందు నోరు విప్పిన అలవాటు నాకు లేదు. పైగా అక్కడ అందరూ మగవాళ్లే. నాయిన అప్పటికి పని విరమించి నా దగ్గరే ఉంటున్నాడు.

"నాయినా, పోలీసు యాక్షన్ నాటి ముచ్చట చెప్పాల్నా, ఇడిసిపెట్టాల్నా?" అని అడిగాను.

ఆయనకు ఎడమ చెవి వినపడదు. కుడి చెవి నా వైపు తిప్పి విని, "చెప్తే రెండు దిక్కులదీ చెప్పు బిడ్డా. ఒక్క దిక్కుదే చెప్తే అబద్ధమైతది. పేర్లు మాత్రం ఎత్తకు" అన్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం రైల్లో తాండూరు వెళ్లాను. హాల్లో ప్రెసిడెంటు గంట కొట్టాడు. పోయిన వారం జరిగిన సంగతులు ఎవరో ఇంగ్లీషులో చదివారు. తర్వాత నాకు దండ వేయడానికి ఒకాయన లేచి వచ్చాడు. తెల్లటి బుష్ షర్టు, చేతికి గడియారం. గనుల యజమాని అని పరిచయం చేశారు. దండ అందుకుంటూ ముఖం చూశాను. గుర్తుపట్టాను.

నలభై ఎనిమిది ఎండాకాలంలో రజాకార్ల భయానికి రైతు కుటుంబాలు మా చర్చిలో తలదాచుకున్నాయి. అందులో ఈయన, ఈయన తల్లి ఉన్నారు. ఈయనకు అప్పుడు ఇరవై ఏళ్లుంటాయేమో, నేను చిన్నపిల్లను. అన్నా అని పిలిచేదాన్ని. నాకు చింతగింజలు వేయించి ఇచ్చేవాడు. ఊళ్లోనే ఉండిపోయిన ఆయన తండ్రిని రజాకార్లు చంపేశారన్న కబురు కూడా అక్కడికే వచ్చింది. ఆ తల్లి ఏడుపు చర్చి గోడల మధ్య ఎలా మోగిందో నాకు ఇప్పటికీ గుర్తే.

వానాకాలంలో పోలీసు యాక్షన్ పేరుతో ఇండియా మిలిటరీ పట్నం వైపు వచ్చింది. నిజాం రాజ్యం పోయింది. ఇప్పుడు భయం సాయబుల వంతయింది. ఒక దర్జీ కుటుంబం, చంటిబిడ్డతో నిజాం ఫౌజు జవాను ఒకరి భార్య మా చర్చికి పరుగెత్తుకొచ్చారు. నాయిన లోపలికి రానిచ్చి తలుపు మూసి, తాను బయట నిలబడ్డాడు. గొడ్డళ్లు, కర్రలు పట్టుకుని కొందరు వచ్చారు. అందరికంటే ముందు ఈ అన్నే. నేను కిటికీ సందులోంచి చూస్తున్నాను.

"అయ్యగారూ, పక్కకు జరుగుండ్రి."

"మీ అమ్మ పన్న చాప మీదనే లోపల ఇంకో తల్లి పన్నది. ఎట్ల జరగాలె కొడుకా?"

అన్న వంగి రాయి తీసి విసిరాడు. అది నాయిన ఎడమ చెవి మీద తగిలింది. నాయిన తలుపుకు ఆనుకుని కూలబడ్డాడు కానీ గడప వదల్లేదు. ఆ నెత్తురు చూశాక వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. మర్నాడు మిలిటరీ లారీ వచ్చి లోపలి వాళ్లను భద్రంగా తీసుకెళ్లింది. చెవికేమైందని ఎవరు అడిగినా, జారి పడ్డానని చెప్పేవాడు నాయిన.

ఇప్పుడు ఆ అన్న మొదటి వరుసలో, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

చర్చి ఎలా కట్టారో చెప్పాను. ఎండాకాలం ముచ్చట చెప్పాను. చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆపి కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. బల్ల అంచు పట్టుకుని వానాకాలం సంగతి కూడా చెప్పేశాను, పేర్లు లేకుండా. ఈసారి చప్పట్లు లేవు.

ఆయన లేచాడు.

"రాయి ఏసినోన్ని మీరు చూసిండ్రా టీచరమ్మా?"

"చూసిన."

"మరి పేరెందుకు చెప్తలేరు?"

"మా నాయిన ఎన్నడూ చెప్పలేదు. నేను గూడ చెప్ప."

ఆయన కూర్చోలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు. ప్రెసిడెంటు గబగబా గంట కొట్టి వందన సమర్పణ చేయించాడు. చాయ్ తాగకుండానే లేచాను.

స్టేషనుకు రిక్షా పిలవమంటే, "నా జీపు ఉన్నది, నేనే దింపుత" అన్నాడాయన. వద్దని చెప్పడానికి సాకు దొరకలేదు. ఎక్కాను. జీపు స్టేషను దారి దాటి పక్క సందులోకి తిరిగింది.

"స్టేషను అటు గదా?"

"జర ఆగు" అన్నాడు, అంతే. అటూ ఇటూ బండల గుట్టలు. మనిషి జాడ లేదు. దూకుదామా అని కమ్మీ పట్టుకున్నాను.

ఒక పెద్ద ఇంటి ముందు ఆపాడు. "లోపటికి పో చెల్లె. మా అమ్మ నడవలేదు. నువ్వొస్తున్నవని తెల్సిన కాడికెల్లి తోల్కరమ్మని పానం తీస్తున్నది."

తాను జీపు దిగలేదు.

ముసలామె నులక మంచం మీద ఉంది. నా చేయి పట్టుకుని ముఖం తడిమింది.

"అయ్యగారి చెవు ఇంక ఇనొస్తలేదా బిడ్డా?"

ఆమెకు తెలుసు. వినపడదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"ఆ దినం ఇంటికొచ్చి నా కొడుకే నాకు చెప్పిండు. గప్పటిసంది వాడు నా ముంగట కూసోని అన్నం తినడు. నేను పిల్వను" అంది.

స్టేషనులో నన్ను దింపేటప్పుడు ఆయన ఏదో అనబోయాడు. రైలు కూత వేసింది. "అయ్యగారికి..." అని ఆగి, స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చి నాయినకు అంతా చెప్పాను. ఆయన "ఆ తల్లి బాగున్నదా?" అని ఒక్కటే అడిగాడు. మరుసటి వారం తానే తాండూరు బయలుదేరాడు. నన్ను రమ్మన్నాడు. నేను వెళ్లలేదు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాయిన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు, వెనక నుంచి జీపు వస్తున్న చప్పుడు వింటే చాలు, రోడ్డు దిగి గోడకు ఆనుకుని నిలబడేదాన్ని.