అమావాస్య పోటు

తిరువూరు సంతలో ఎండురొయ్యల గంపల పక్కగా నడిచినప్పుడల్లా, అరవై ఏళ్ళొచ్చాక కూడా, ఆ ఘాటుకు మా అమ్మ గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోతాయి.

డెబ్బైల నాటి మాట. మా నాన్న నాగాయలంక వైపు మేష్టరుగా పనిచేసినప్పుడు, సముద్రపు పాయల మధ్య లంకలో పుట్టిన అమ్మను ఇష్టపడి పెళ్ళి చేసుకుని తిరువూరు తీసుకొచ్చాడు. ఆ నేరానికి శిక్ష వేసే పని మా నాయనమ్మ తీసుకుంది. అమ్మ ఎండురొయ్యలు వండుకోవాలంటే దొడ్లో వేరే పొయ్యి మీద, వేరే దాకలో వండుకోవాలి. వండాక మాత్రం నాయనమ్మ మారు వడ్డించుకుని మరీ తినేది.

వేసవి మధ్యాహ్నాల్లో, రెడ్డిగూడెం తోటల రసాలు గదిలో గడ్డి కింద మగ్గుతుంటే, ఆ తియ్యటి వాసనలో బోర్లా పడుకుని నేనూ అమ్మా లంక ప్రయాణం కట్టేవాళ్ళం. చల్లటి గచ్చు మీద అమ్మ ముగ్గుపిండితో పాయలు గీసి, చింతగింజలను లంకలుగా పేర్చి, మామయ్య తెరచాప పడవకు బదులు ఒక గవ్వను నడిపించేది. బెజవాడ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకోటి, రేవులో మామయ్య, దారిలో తినడానికి ముంజలు.

"పోటు మీదే బయల్దేరాలే అమ్మడూ. అమావాస్యకీ పున్నానికీ నీళ్ళు నిండుగా ఎక్కుతాయి. దశమికి పాయ పలచబడి పడవ బురదలో కూర్చుంటది," అనేది. సాయంత్రం చీపురుతో అన్నీ ఊడ్చేసేవాళ్ళం. ప్రతి వేసవీ అంతే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మమ్మ మంచం పట్టిందనీ, కూతుర్ని చూడాలంటోందనీ కబురొచ్చింది. ఎల్లుండే అమావాస్య. అమ్మ అప్పటికప్పుడు బట్టలు సర్దేసింది.

"అమావాస్య పూట గడప దాటతావా? నా కొడుకు ప్రాణం మీదికి తెస్తావా?" అంది నాయనమ్మ.

"అప్పుడే నీళ్ళుంటాయండి అత్తయ్యా. తర్వాత పడవ పోదు."

"ఉప్పునీళ్ళ కొంపలో పుట్టి నాకు తిథులు చెప్పొచ్చావా! ముందు ఆవకాయ పెట్టు. దశమి మంచిది, వెళుదువుగాని."

నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దశమి దాకా అమ్మ మామిడికాయలు కొడుతూ, ఆవాలు దంచుతూ, కళ్ళు తుడుచుకుంటే కారం మంట అని చెబుతూ గడిపింది. నాయనమ్మది నమ్మకమో కక్షో నాకప్పుడు తెలియలేదు. రెండూనని ఇప్పుడు తెలుసు.

దశమి నాడు రేవులో మామయ్య పడవెక్కాం. తెరచాప నిండా గాలి ఉన్నా, అడుగున నీళ్ళు లేవు. అమ్మమ్మ ఇంటి తాటాకు కప్పు కనిపించేంత దగ్గరికి వెళ్ళి, అమ్మ చెప్పినట్టే పడవ బురదలో కూలబడింది. మామయ్య గెడ వేసి ఎంత తోసినా కదల్లేదు. అమ్మ ఆగలేక దూకేసి తొడల దాకా దిగబడింది; మామయ్య జబ్బ పట్టుకుని లాగి పైకి చేరిస్తే, బురద కాళ్ళతో కూర్చుని ఆ ఇంటి వైపు చూస్తూ గొంతు పోయేలా ఏడ్చింది. నాన్న అటు తిరిగి కూర్చున్నాడు. నీళ్ళెక్కి మేం ఒడ్డు చేరేసరికి సాయంత్రమైంది. అమ్మమ్మ మధ్యాహ్నమే పోయింది. పోయేదాకా వాకిలి వైపే చూసిందట.

తిరిగొచ్చాక, మైల స్నానానికి దొడ్లో అమ్మ నెత్తిన నీళ్ళు కుమ్మరిస్తూ నాయనమ్మ సంతోషంగా అంది: "చూశావా, మంచి రోజున వెళ్ళబట్టే మీరు క్షేమంగా తిరిగొచ్చారు."

ఇప్పుడా పాయల్లో ఇంజన్ పడవలే తిరుగుతున్నాయట, తెరచాపలు పోయాయి. పోటూ పాటూ చెప్పే అమ్మ కూడా లేదు. ఏటా నాయనమ్మ తద్దినానికి మా వాళ్ళంతా చేరి, ఎంత నిష్ఠగల మనిషో అని చెప్పుకుంటూ గారెలు తింటారు. ఓపికున్నన్నాళ్ళూ ఆ గారెలు వండింది మా అమ్మే. నేను వెళ్ళను. నాయనమ్మను నేను క్షమించలేదు.