ముందు మీరు పోండన్నా

మా ఆదోని ప్రభుదాసు ఏ విషయంలోనూ ఎవరికన్నా ముందు పోయే మనిషి కాదు. వాకిట్లో ఎదురుపడితే "ముందు మీరు పోండన్నా" అని పక్కకు జరిగేవాడు. పంక్తిలో పక్కవాడు ముద్ద ఎత్తిందాకా తను విస్తరి ముట్టడు. ఒకసారి ఎమ్మిగనూరు సంతకని బయలుదేరి, బస్సులోకి అందరినీ ఎక్కించి, తనొక్కడే కింద మిగిలిపోయి, పోయే బస్సుకు చెయ్యి ఊపి ఇంటికొచ్చాడు.

అట్లాంటివాడికి దొరికిన పని బండి తోలడం. మిషను దవాఖానాలో కాన్పులు చేసే ఫ్లోరా దొరసానిని హాలహర్వి, చిప్పగిరి పల్లెలకు ఎద్దులబండిలో తిప్పేవాడు.

"బండి తోలేవాడు ముందు కూర్చోవాల గదరా, అప్పుడేం జేస్తావు?" అని ఎగతాళి చేశాను.

"ఎద్దులు నాకన్నా ముందు పోతాండాయి గదన్నా" అన్నాడు.

నా పేరు హుసేనప్ప. భజన గుంపులో హార్మోనియం వాయించేవాణ్ణి. ఎక్కడికి పోయినా ముందు వరసలో లేకపోతే నాకు అన్నం సహించదు. అందుకే ప్రభుదాసును చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది.

వాడి జబ్బును ఇంకా ముదరబెట్టింది దొరసానే. ఆమె తండ్రిది స్కాట్లండు, తల్లిది ఐర్లండు. పొద్దుగూకే వేళ బంగళా వసారాలో కూర్చుని వాళ్ల ఊరి పాటలు ఫిడేలు మీద వాయించేది. తోడు వాయించే దిక్కు లేదు. ఎవరో దొర వదిలేసి పోయిన గిటారు అటక మీద ఉంటే, దింపించి ప్రభుదాసు చేతిలో పెట్టింది. మొదటి పాఠం నాడు నేనూ అక్కడే ఉన్నాను. దొరసానిది బైబిలు తెలుగు.

"నీవు నా పాదమును చూడుము. నాకంటె ముందుగా వెళ్లకుము. నీవు ముందుకు దుమికిన యెడల నా పాట పడిపోవును" అని చెప్పి, గంతులేసే పాట ఒకటి ఎత్తుకుని కడదాకా వాయించింది. ప్రభుదాసు తీగ ముట్టలేదు.

"ఏల వాయించలేదు?"

"మీరు యాడికి పోతారో ఇంగా తెలీలేదమ్మా."

అది తెలియడానికి వాడికి ఏడాది పట్టింది. తత్వాలు పాడేవాళ్ల తంబూరా మాదిరి లావు తీగలను ఒకే శ్రుతికి బిగించుకున్నాడు. ఆమె మడమ నేలను తాకినప్పుడల్లా ఒక మీటు, అంతే. పాట మలుపు తిరిగే చోట వేళ్లు మార్చేవాడు, అదీ ఆమె తిరిగినాకనే. "ఇదేం వాయించడంరా, ఎద్దు మెడలో గంట మాదిరి!" అన్నాను. నిజం చెప్పాలంటే, గిటారు ఆగితే ఫిడేలు బిక్కుబిక్కుమనేది. ఆ మాట వాడితో అనలేదు, నాకేం పని?

దొరసాని మాటను వాడు పది ఆజ్ఞల పక్కన పదకొండోదిగా పెట్టుకున్నాడు. పెళ్లిలో పాస్టరు అబ్రహామయ్య "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని అడిగితే పెళ్లికూతురు మేరి వైపు చూసి, "ముందు ఆయమ్మను అడగండయ్యా. ఎనకనే నేనూ సెప్తా" అన్నాడు. చర్చి అంతా నవ్వులు. మేరి గట్టి మనిషి. "ఊ అను, నాకు కాళ్లు పీకతాండాయి" అంది. అప్పుడు అన్నాడు.

ఏండ్లు గడిచాయి. దొరసానికి మరుపు మొదలైంది. నన్ను ఒకనాడు ఉచ్చీరప్పా అని, ఒకనాడు గిడ్డయ్యా అని పిలిచేది. పంతొమ్మిదివందల యాభై ఏడులో మిషను వాళ్లు ఆమెను సొంత దేశానికి రమ్మన్నారు. పోయేలోపల తల్లి నేర్పిన పాట ఒకటి అందరి ముందూ వాయించాలని ఆమె పంతం పట్టింది. మెల్లగా సాగే పాట. ఇంట్లో వాయించుకునేటప్పుడే రెండో సగంలో దారి తప్పిపోతోంది.

"నేను హార్మోనియం మీద అందిస్తానమ్మా" అన్నాను, అలవాటు కొద్దీ ముందుకొచ్చి.

"వద్దు గిడ్డయ్యా. నా తల్లి పాటను నేనే ముగించవలెను. మీ యెదుట దానిని మరచిన యెడల, ఏ ముఖముతో ఈ ఊరు విడిచి వెళ్లుదును?"

ప్రభుదాసు నా ముఖం వైపు చూశాడు. ఎవరైనా ముందు మాట్లాడితే కదా!

వీడ్కోలు సభ నాడు దవాఖానా ఆవరణలో కాలు పెట్టే సందు లేదు. ఆమె చేతుల్లో పుట్టినవాళ్లు తమ పిల్లలను చంకనేసుకుని వచ్చారు. దొరసాని ఫిడేలు ఎత్తుకుంది. ప్రభుదాసు కింద కూర్చుని ఆమె పాదం వైపు తల వంచాడు. మొదటి సగం బాగానే నడిచింది. రెండో సగంలో ఫిడేలు కమాను గాలిలో ఆగిపోయింది. పాదమూ ఆగింది. ఆమె ముఖం చూడలేక నేను తల దించుకున్నాను.

అప్పుడు గిటారు మోగింది. ఎద్దుగంట కాదు, పాటే! ఆమె మరిచిన ముక్కను ప్రభుదాసు ఒంటి తీగ మీద మెల్లగా మీటుతున్నాడు. ఇన్నేళ్లు వెనక నడుస్తూనే పాటంతా కడుపులో దాచుకున్నాడు, దొంగ సచ్చినోడు! ఆ ముక్కలో చివరి స్వరం ముందర టక్కున ఆగాడు. దాన్ని ఆమెకు వదిలేశాడు. కమాను కదిలి ఆ స్వరాన్ని అందుకుంది. పాదం మళ్లీ నేలను తాకింది. వెంటనే వాడు వెనక్కు తగ్గి పాత మీటులోకి వెళ్లిపోయాడు. తల్లి పాటను ఆమే ముగించింది.

చప్పట్లు లేచేలోపలే ప్రభుదాసు నిలబడి చేతులు జోడించాడు.

"తప్పయిపోయిందమ్మా! నడుమన నేను తొందరపడి మీకన్నా ముందు పోయినా. నా వల్లనే మీ పాట తడబడె."

పాట తెలియని జనం నమ్మేశారు. "ప్రభుదాసు గూడా ముందు పోయినాడప్పో!" అని ఎవరో అరిస్తే అందరూ గొల్లుమన్నారు. పాట ఎక్కడ ఆగిందో నాకు మాత్రం తెలుసు.

దొరసాని ఫిడేలు కింద పెట్టింది. "క్షమించితిని. మరియొకసారి అట్లు చేయకుము, ప్రభుదాసూ" అంది. పేరు తప్పలేదు.

మరునాడు పొద్దున్నే ఆమెను రైలెక్కించాం. రైలు కనుమరుగైనాక స్టేషను గేటు దగ్గర ప్రభుదాసు మామూలుగా పక్కకు జరిగాడు.

"ముందు మీరు పోండన్నా."

నేనూ పక్కకు జరిగాను. "నువ్వు పో ప్రభుదాసూ" అన్నాను. నా బతుకులో ఆ మాట అదే మొదలు.

"అయ్యో, మీరు పోండన్నా."

"ఊహూ, నువ్వు పో."

వెనక జనం గుమికూడారు. మేరి మా ఇద్దరినీ చెరో చేత్తో పక్కకు నెట్టి, "మొన్నటిదాకా ఒగడే, ఇప్పుడు ఇద్దరయినారు!" అంటూ గేటు దాటిపోయింది.

మేమిద్దరం ఆమె వెనకే నడిచాం.