బాపు భూతద్దం పెట్టి చూసిన లినక్స్

ఆ రోజుల్లో మా నల్లగొండలో కంప్యూటర్ నేర్చుకోవాలంటే ముందు చెప్పులు విడవడం నేర్చుకోవాలి. దుమ్ము పడితే పాడవుతుందని హైదరాబాదులో ఎవరో అన్నారట. మావాళ్లు ఆ మాటను ఇంకో నాలుగడుగులు ముందుకు తీసుకెళ్లి, కాళ్లు కడుక్కుని, తల దువ్వుకుని, మానిటర్ మీద కప్పిన గుడ్డను పెండ్లికూతురి ముసుగు తీసినట్టు తీసేవాళ్లు. ఇప్పుడు మంచం మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద ల్యాప్‌టాప్ పెట్టుకునే పిల్లల్ని చూస్తే నాకు అసూయ లేదు. ఏదో అపచారం జరుగుతోందని మాత్రం అనిపిస్తుంది. అంతటి భయభక్తుల కాలంలో, తొంభైల చివర్లో, చక్కగా నడుస్తున్న ఒక కంప్యూటర్‌ను నా చేతులతో నేనే ఆపేసి, దాన్ని మళ్లీ నడిపించడానికి వారం రోజులు పడ్డ పాట్లు ఇవి. (చాలా ఏళ్లు దీన్ని వీరగాథగా చెప్పుకోవాలని చూశాను. సాక్షులు ఇద్దరుండటం వల్ల కుదరలేదు.)

సాక్షుల్లో మొదటివారు సాబ్. గడియారం సెంటర్‌కు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో, ముప్పై ఏళ్లు టైపు నేర్పించిన మనిషి. కాలం మారిందని గ్రహించి మిషన్లన్నీ తీసేసి ఆరు కంప్యూటర్లు పెట్టారు గాని, టైపు కాలపు చట్టాలు మాత్రం తీసేయలేదు. ‘కన్ను కాగితం మీద, వేలు మిషన్ మీద’ అన్నది మొదటి చట్టం. కొట్టేటప్పుడు వేళ్ల వంక చూసినా, కొట్టింది ఎట్లా వచ్చిందోనని తల తిప్పినా, స్కేలుతో బల్ల మీద ఒక్కటి పడేది. ఆ ఇన్‌స్టిట్యూట్‌కు వాళ్ల అమ్మీ పేరు పెట్టుకున్నారు. నేను అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌ని. అంటే, పిల్లలకంటే ఒక్క పాఠం ముందున్నవాణ్ని.

రెండో సాక్షి మా బాపు. మాది చిటికి చీరలు నేసే ఇల్లు. చిటికి అంటే, నేయకముందే నూలు పోగులకు సైకిల్ ట్యూబు ముక్కలతో కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట తెల్లగా మిగులుతుంది, కట్టని చోట రంగు పడుతుంది. ఎక్కడ కట్టాలో ముందుగా గ్రాఫు కాగితం మీద గీసుకుంటారు. పదిహేనో ఏట బాపు నా చేతికి ఒక చీర కట్లు అప్పగించారు. చిలుకల డిజైను. నేను కట్టినాక నేస్తే చిలుకలకు ముక్కులు తోకల దగ్గర వచ్చాయి. రంగులో మునిగిన పోగును వెనక్కి తీసుకునే విద్య లేదు, ఆ నూలంతా పక్కన పారేయాల్సి వచ్చింది. బాపు తిట్టలేదు. ఒక్కమాటే అన్నారు: “సదువుకో బిడ్డా. మగ్గం బతుకుతది.”

అట్లా నేను చదువులో పడ్డాను. ఇక లినక్స్‌లో ఎట్లా పడ్డానంటే, పిల్లలు ఎక్కడెక్కడి నుంచో తెచ్చే ఫ్లాపీలతో పాటు వైరస్సులు కూడా తెచ్చేవాళ్లు. వారానికోసారి ఆరు కంప్యూటర్లలో ఏదో ఒకటి మంచం పట్టేది. నేను డాక్టర్ వేషంలో దాన్ని తుడిచి, సిస్టం మళ్లీ ఎక్కించేవాణ్ని. అట్లాంటి ఒక వారంలో కట్టంగూర్ దోస్తు ఒకడు హైదరాబాదు ఫుట్‌పాత్ మీద కొన్న పాత కంప్యూటర్ పత్రిక ఇచ్చాడు. అట్టకు ఒక సీడీ అంటించి ఉంది. లినక్స్. కంప్యూటర్‌ను నడిపించే ఇంకో సిస్టం అది, లోపలి రాతంతా బయటే పెట్టారట, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు అని రాశారు. కట్టంగూర్ నుంచి నల్లగొండ దాకా బస్సులో నిలబడి ఆ వ్యాసం రెండుసార్లు చదివాను. దిగేసరికి నేను మారిన మనిషిని. (బస్సులో సీటు దొరికి ఉంటే నిద్రపోయేవాణ్ని, ఈ కథ ఉండేది కాదు.)

సాబ్‌కు వివరంగా చెప్పాను. ఆయన విన్నంతసేపు విని, “గీన్నల్ల వైరస్ రాదా?” అన్నారు.

“రాదు సాబ్.”

“పక్కా?”

“పక్కా సాబ్.” నాకు పక్కాగా తెలిసింది ఆ వ్యాసం ఒక్కటే.

“సరే బేటా. వచ్చే జుమ్మా నాడు కొత్త బ్యాచ్. నమాజ్ అయినంక తల్లిదండ్రులు వస్తరు. మెట్లెక్కంగనే కనవడే పెద్ద కంప్యూటర్ల ఎక్కియ్యి. తెర మీద మా అమ్మీ పేరు తెలుగుల, ఉర్దుల కనవడాలె. కనవడకపోతే మాత్రం, నువ్వు పోయి మీ మగ్గం ముంగట కూసో.”

ఆ ఉద్యోగం కోసం మా ఇంట్లో ఎన్ని మొక్కులు మొక్కారో నాకు తెలుసు. అయినా సరేనన్నాను. వయసు అటువంటిది.

శనివారం ఉదయం సీడీ పెట్టాను. అది ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగింది. నేను అవునన్నాను. ఆ ఒక్క అవునుతో డిస్కు మొత్తం తుడుచుకుపోయింది. పాత సిస్టం, పిల్లల పాఠాలు, అన్నిటికంటే ముఖ్యంగా సాబ్ మధ్యాహ్నం పూట ఆడుకునే పేకాట. కొత్తది ఎక్కింది గాని, నల్లటి తెర మీద ఒక తెల్లగీత కొట్టుకోవడం తప్ప ఏమీ లేదు. సాబ్ వచ్చి కళ్లజోడు సవరించుకున్నారు.

“నా పత్తాలు ఏడవోయినయ్?”

“వస్తయి సాబ్.”

“గీ ఒక్క గీత ఏంది, కొట్టుకుంటాంది?”

“పానం ఉన్నట్టు సాబ్.”

“దవాఖానల గిట్లనే చెప్తరు,” అని వెళ్లిపోయారు.

బొమ్మలూ మౌసూ కనిపించే తెర రావాలంటే మానిటర్ లెక్కలు కొన్ని ఇవ్వాలి. ఆ లెక్కలున్న పుస్తకం ఎప్పుడో పోయింది. లెక్క తప్పితే మానిటర్ కాలిపోవచ్చని పత్రికలో లావు అక్షరాల్లో రాశారు. దాచకుండా ఆ మాట సాబ్‌తో చెప్పడం నా నిజాయితీ. ఆయన వెంటనే సినిమా హాల్లో లాగా బకెట్‌లో ఇసుక తెప్పించి మానిటర్ పక్కన పెట్టించడం ఆయన ముందుచూపు. ఆది, సోమవారాలు ఒక్కో లెక్క మార్చి చూడటం, తెర కుయ్యిమని మూలగడం, నేను స్విచ్చు ఆర్పడం. పిల్లలు పాఠాలు మానేసి ఇసుక బకెట్ చుట్టూ నిలబడ్డారు. వాళ్లు కోరుకున్నది జరగలేదు. నేను కోరుకున్నదీ జరగలేదు. అయినా లెక్కలు రాసుకునే కాగితం వెనకవైపు తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. నాకు తెలివి తక్కువేమో గాని, పట్టు మాత్రం మా ఇంటి నూలంత గట్టిది.

మంగళవారం మూలుగు ఆగింది. తెర నిండా బూడిదరంగు మచ్చ, నడుమ చిన్న గుణకారం గుర్తు. అంతే. బొమ్మ లేదు, బొత్తాం లేదు. ఇది కూడా రాలేదనుకున్నాను. సాబ్ దూరం నుంచే తేల్చేశారు: “టీవీల స్టేషన్ దొరకకముందు గిట్లనే ఉంటది.” నేను మళ్లీ లెక్కల్లో పడ్డాను. ఎన్ని మార్చినా బుధవారం మధ్యాహ్నం దాకా అదే బూడిద.

బుధవారం బాపు నూలు కోసం చేనేత సొసైటీకి వచ్చి, నా సద్దిగిన్నె ఇచ్చిపోదామని మెట్లెక్కారు. చెప్పులు విడిచారు, సాబ్‌కు సలాం చెప్పారు. నా ముఖం చూశారు, ఇసుక బకెట్ చూశారు. తెర చూసి మాత్రం ఆగిపోయారు. దగ్గరికి వచ్చి, పోగులు లెక్కపెట్టడానికి జేబులో ఎప్పుడూ ఉంచుకునే చిన్న భూతద్దం తీసి మానిటర్ అద్దానికి ఆనించి, ఒక కన్ను మూశారు.

“గిది ఎవరు నేసిండ్రు?”

“ఎవరు నేయలే బాపు. అది పాడైంది.”

“పాడెట్లయితదిరా? నాలుగు పోగుల్ల ఒకటి లేస్తాంది, మూడు మునుగుతున్నయి. మల్ల కింది వరుసల ఇంకోటి లేస్తాంది. ఒక్క కాడ లెక్క తప్పలే. గింత సక్కగ నేసినోనికి పాడయిందని పేరు వెడ్తవా?”

భూతద్దం నా చేతిలో పెట్టారు. చూశాను. నిజమే. చుక్కలు, ఒక్కోటి తన గడిలో కూర్చుని ఉంది. అది మచ్చ కాదు, తెర వచ్చేసింది. నిన్నటి నుంచీ నేను చూస్తున్నది, వచ్చిన తెరనే. దాని మీద ఏం కావాలన్నా మనమే పెట్టుకోవాలి, అది మనకోసం ఖాళీగా కూర్చుంది. (ఒక రోజున్నర పాటు, ఇంటికొచ్చిన చుట్టాన్ని గడపలో నిలబెట్టి, ఇంకా రాలేదేమని ఊరంతా వెతికాను.)

సాబ్ ముఖం వెలిగింది గాని వెంటనే ఆరింది. “మరి అమ్మీ పేరు?” లినక్స్‌లో తెలుగు అక్షరాలు లేవు, ఉర్దూ లేదు. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకున్నాను. బాపు తెర వంకే చూస్తూ, “గళ్లే గద సాబ్. పెండ్లి రుమాళ్ల మీద పేర్లు దించలేదా మేము? మీరు రాసియ్యుండ్రి, నేను గళ్లల్ల పెడ్త,” అన్నారు.

సాబ్ రెండు లిపుల్లోనూ ఒక కాగితం మీద రాసిచ్చారు. గురువారం పొద్దున మొదటి బస్సుకు బాపు గ్రాఫు పట్టుకొచ్చారు. తొంభై ఆరు గళ్ల వెడల్పు, నలభై ఎనిమిది ఎత్తు. ఉర్దూ ఒక్క ముక్క రాని మనిషి చుక్కతో సహా దించారు. గ్రాఫు చూసి సాబ్ స్కేలు చేతిలోకి తీసుకున్నారు. తర్వాత పని పంచుకున్నాం. గుర్తు పెట్టిన గడికి ఒక మీట, ఖాళీ గడికి ఇంకో మీట. సాబ్ స్కేలు పెట్టి వరుస వెంట వరుస చదవడం, “ఏడు గుర్తులు, రెండు ఖాళీ, పదకొండు గుర్తులు”, నేను కొట్టడం. మొదటి చట్టం అమల్లోనే ఉంది. అలవాటుగా నేను ఒక్కసారి తెర వంక తల తిప్పబోతే స్కేలు బల్ల మీద పడింది. కాబట్టి నాలుగున్నర వేల గళ్లు నేను కొట్టిందేమిటో చూడకుండా కొట్టాను. శుక్రవారం పన్నెండున్నరకు అయిపోయింది. సాబ్ నమాజుకు వెళ్లారు. బాపు ఇస్త్రీ చొక్కాలో వచ్చి కూర్చున్నారు. నేను మీట నొక్కాను.

తెరంతా నల్లగా తారు పోసినట్టు అయింది. అమ్మీ పేరు ఆ తారులో తెల్లటి ఖాళీలుగా ఉంది, అదీ ఒకసారి కాదు, తెర నిండా వరుసలు వరుసలుగా. నేను గ్రాఫు వంక చూశాను. బాపు గ్రాఫు వంక చూశారు. నలుపు అక్షరాలు తెల్లటి నేల మీద రావాలని ఆయన గీసింది నిజమే. కాని ఆయన చేతిలో గుర్తు పడిందంటే అక్కడ కట్టు కట్టాలని, కట్టిన చోట తెల్లగా మిగలాలని. నేల మొత్తం గుర్తులు పెట్టి, అక్షరాలు వదిలేశారు. మా ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే అది. నాకు తప్ప. ఎందుకంటే నేను చిలుకల దగ్గరే బడి మారినవాణ్ని.

“తప్పు నాది బిడ్డా,” అన్నారు బాపు, చాలా మెల్లగా. “చిటికి లెక్కనే గీసిన.”

అప్పుడే సాబ్ నమాజు నుంచి వచ్చారు. మెట్ల కింద కొందరు అప్పుడే చెప్పులు విడుస్తున్న చప్పుడు. “కాలా కర్ దియా,” అన్నారు సాబ్, కుర్చీలో కూర్చుంటూ. నాలుగున్నర వేల గళ్లు మళ్లీ కొట్టడానికి టైము లేదు. బాపు సాబ్ వైపు తిరిగి, “వాణ్ని మగ్గం కాడికి పంపకుండ్రి సాబ్. మా మగ్గం ఏం పాపం చేసింది?” అన్నారు. నన్ను కాపాడటానికి అన్నారో, మగ్గాన్ని కాపాడటానికి అన్నారో ఇప్పటికీ తేలలేదు.

నేను పత్రిక పేజీలు తిప్పుతున్నాను. ఎక్కడో చూసినట్టు గుర్తు. దొరికింది. కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞ చివర ఒక గీత, రెండు అక్షరాలు. కొట్టాను. రెప్పపాటులో నలుపంతా తెలుపు, తెలుపంతా నలుపు. బాపు గీసినప్పుడు మనసులో ఉన్నది ఉన్నట్టుగా తెర మీద నిలబడింది. సాబ్ అల్లాకు షుక్రియా చెప్పారు. బాపు తెర మీద వేలితో ఒక అక్షరాన్ని తడిమి, “గా చిలుకలకు గూడ గీ రెండు అక్షరాలు ఉంటే…” అని ఆగిపోయారు. ఆ వారం మొత్తంలో నాకు జోకు తట్టని సందర్భం అదొక్కటే.

అది ఎంతోసేపు నిలవలేదు. సాబ్ ముందుకు వంగి చూసి, “బేటా, జర మల్ల నల్లగ చెయ్యి,” అన్నారు. చేశాను. “గిదే మంచిగుంది. బోర్డు మీద సుద్దతో రాసినట్టుంది,” అన్నారు. బాపు కూడా తల పంకించారు: “ఔ. నేల నలుపే ఎత్తి చూపెడ్తాంది.” అట్లా వారం పాటు నేను సాధించిందల్లా పోయి, మా ముగ్గురి తప్పే తెరకెక్కింది.

తల్లిదండ్రులు వచ్చారు. దేవరకొండ నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒకాయన తెర ముందు చాలాసేపు నిలబడ్డారు. నా గుండె పొంగింది. “మస్తుగుంది సార్,” అన్నారు. “మావోణ్ని మాత్రం గా తక్కిన ఐదింటి మీద కూసోబెట్టుండ్రి.” అందరూ అదే అన్నారు. ఆ ఏడాదంతా లినక్స్ మీద కూర్చున్నది ఇద్దరమే: నేను, సాబ్. అందులోనూ పేకాట ఉందని నేను కనిపెట్టి చూపించాక, సాబ్ నా ఉద్యోగం సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత నా బతుకంతా లినక్స్‌తోనే గడిచింది. ఒకరోజు పనిలో భాగంగా దాని లోపలి ఫైళ్లు తిరగేస్తుంటే, ఆ బూడిద తెర బొమ్మ విడిగా ఒక చిన్న ఫైలుగా కనిపించింది. దానికి పెట్టిన పేరులో ఇంగ్లీషులో ‘నేత’ అని ఉంది. ఎక్కడో ఏ దేశంలోనో, మగ్గం చూశాడో లేదో తెలియని మనిషి పెట్టిన పేరు. ఫోన్ చేసి బాపుకు చెప్పాను. “మరి నేను చెప్పలే?” అని, సొసైటీలో నూలు ఇంకా రాలేదన్న సంగతిలోకి వెళ్లిపోయారు.

ఇప్పటి సిస్టంలు తెరవగానే కొండలూ సముద్రాలూ చూపిస్తాయి. నేను ప్రతి కొత్త కంప్యూటర్‌లోనూ అవి తీసేసి ఆ బూడిద నేతే పెట్టుకుంటాను. ఆఫీసు పిల్లలు పాపం మర్యాదగా అడుగుతారు, “సార్, మీ మానిటర్ పోయిందా?” అని. వాళ్లకు చెప్పను గాని, అప్పుడప్పుడు ఇసుక బకెట్ పక్కన లెక్కల కాగితం తిప్పుకుంటున్న ఆ కుర్రాడి భుజం తట్టాలనిపిస్తుంది. వచ్చేసిందిరా, నువ్వు చూస్తున్నది అదే, అని. వాడు వినడు. తల ఎత్తడు. కన్ను కాగితం మీద, వేలు మిషన్ మీద.