మల్లప్ప మేస్త్రీ పథ్యం

1963 జూన్‌లో తాండూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పథ్యం చూసే ఉద్యోగంలో చేరాను. హోంసైన్సు చదివిన నాకు అదే మొదటి ఉద్యోగం. బాబు పుట్టాక మానేశాను కనుక చివరిదీ అదే. రోజూ వికారాబాదు నుంచి రైల్లో వెళ్లేదాన్ని. రోగి ఏం తినాలో, ఎంత తినాలో కాగితం మీద రాసివ్వడం, వారానికోసారి మూత్రంలో చక్కెర చూడడం నా పని. గాజు గొట్టంలో నీలిరంగు బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి వేడిచేయాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు వస్తే బాగా ఎక్కువని అర్థం.

మల్లప్పది ప్రతిసారీ ఇటుక రంగే. ఆయన నాపరాళ్ల గనిలో మేస్త్రీ. రాయి పడి కాలి చిటికెనవేలికైన పుండు నెల దాటినా మానలేదు. చక్కెర తగ్గకపోతే వేలు తీసేయాలని, ఆలస్యమైతే పాదమే పోతుందని డాక్టరుగారు చెప్పారు.

పూటకు రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు పప్పు, ఆకుకూర, మజ్జిగ అని రాసిచ్చాను. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "తింటున్ననమ్మా, ఒక్క పూట తప్పలే." రొట్టెలు ఒకటిన్నరకు తగ్గించాను.

"గిదేందమ్మా, ఎద్దుకు దాణా కొలిచినట్టు కొలుస్తున్నవ్?" అని నవ్వాడు.

మళ్లీ ఇటుక రంగు! ద్రావణం పాడైందేమోనని కొత్తది తెప్పించాను. చివరికి ఈ మనిషి అబద్ధమాడుతున్నాడని డాక్టరుగారితో అనేశాను.

నాలుగో వారం విసిగిపోయి, మధ్యాహ్నం భోజనం వేళకు నేరుగా వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నాగమ్మ నేను రాసినట్టే ఒకటిన్నర రొట్టె, పప్పు, కూర పెట్టింది. మల్లప్ప ముక్క మిగల్చలేదు. నేను లేవబోతుండగా ఆమె అదే కంచంలో నిండా అన్నం వడ్డించి నెయ్యి పోసింది.

"ఇదేమిటి నాగమ్మా?"

"బువ్వ."

"మరి ఆ రొట్టె?"

"అది నువ్వు రాసిన మందు గదా బిడ్డా. మందు తిన్నంక బువ్వ తినద్దా? ఉత్త మందుతోని మనిషెట్ల బతుకుతడు?"

"బువ్వ బంద్ జెయ్యమని నువ్వెన్నడన్న అన్నవా?" అన్నాడు మల్లప్ప, ముద్ద కలుపుతూనే.

కాగితం తీసి చూశాను. తినవలసినవన్నీ ఉన్నాయి, మానవలసినది ఒక్కటీ లేదు. అన్నానికి బదులుగా రొట్టె అన్న సంగతి వేరే చెప్పాలా అని రాసేటప్పుడు అనుకున్నాను. అన్నానికి గతిలేని రోజుల్లో తిన్న రొట్టెను, చేతిలో నాలుగు రూపాయలు ఆడుతున్నప్పుడు ఎవరైనా మందనే అనుకుంటారు.

అన్నం మానిన మూడు వారాలకు రంగు ఆకుపచ్చకు దిగింది. వేలు అప్పటికే నల్లబడిపోయింది, తీసేశారు. పాదం దక్కింది.

పథ్యం రాసేటప్పుడు ముందు మానవలసినవి రాయాలి. రాసింది రోగి నోట మళ్లీ చెప్పించుకోవాలి. రోగిని అనుమానించే ముందు మన కాగితం మనం చదువుకోవాలి. ఇప్పుడు బాబుకు విరేచనాలై డాక్టరు గంజి పట్టమంటే, పాలు ఆపాలా వద్దా అని రెండుసార్లు అడుగుతాను. ఆయన విసుక్కుంటాడు. విసుక్కోనీ.